మంద కదిలితే బడి అన్నం ఆగిపోకూడదు

ఆరోగ్య పత్రికలో బడి గురించి రాయడమేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు మందుల కంటే ముందు తిండి గురించే మాట్లాడాలి. మన పల్లెల్లో ఆరేళ్ళు దాటిన బిడ్డకు ఒక పూట వేడి అన్నం, పప్పు, కూర నమ్మకంగా దొరికే చోటు ప్రభుత్వ బడి. ఆ బడికి వెళ్ళని బిడ్డకు చదువుతోపాటు ఆ పూట అన్నం కూడా పోతుంది. శావల్యాపురం, వినుకొండ, ఈపూరు, బొల్లాపల్లి వైపు పల్లెల్లో జీవాలు మేపుకొని బ్రతికే కుటుంబాల పిల్లలకు ఏటా కొన్ని నెలలు ఈ రెండూ ఒకేసారి పోతుంటాయి.

బడి భోజనం ఎలా వచ్చింది, అది పిల్లల ఒంటికి ఏం చేస్తుంది, మందతో తిరిగే పిల్లలకు అది ఎందుకు అందడం లేదు, అందేలా మనం ఏం చేయవచ్చు అనే సంగతులను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

మన ప్రాంతంలో మందలు, పిల్లలు

పల్నాడు మెట్ట ప్రాంతం. సాగర్ కుడి కాలువ నీరు అందే పొలాలున్నాయి, అందని పొలాలూ ఉన్నాయి. వర్షం మీద ఆధారపడిన ఊళ్ళలో గొర్రెలు, మేకలే చాలా కుటుంబాలకు బ్యాంకు. పెళ్ళి వచ్చినా, జబ్బు వచ్చినా రెండు జీవాలను అమ్మి గడుపుకుంటారు. యాదవ కుటుంబాలకు ఇది తరతరాల వృత్తి. సుగాలీ తండాల్లోనూ పశువులు, మేకలు మేపేవారు చాలామంది ఉన్నారు. మాచర్ల గొర్రెకు దేశస్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చిందంటే, ఈ కాపరులు తరాలుగా చేసిన పని ఎంత విలువైనదో తెలుస్తుంది.

మేత ఒకే చోట ఏడాదంతా దొరకదు. పైర్లు ఉన్నన్నాళ్ళు జీవాలను బీళ్ళలో, కొండ పక్కన, అడవి అంచున మేపాలి. కోతలు అయ్యాక ఖాళీ పొలాల్లోకి తోలాలి. కొందరు మందను డెల్టా వైపు తోలుకొని వెళ్ళి, రైతుల పొలాల్లో రాత్రిళ్ళు మంద కడతారు. ఎరువు పడినందుకు రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. ఇలా వెళ్ళిన కుటుంబం వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఊరికి దూరంగా ఉంటుంది.

మందకు ముందొకరు, వెనకొకరు ఉండాలి. పుట్టిన పిల్లలను దొడ్లో చూసుకోవడానికి ఇంకొకరు కావాలి. పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్న ఇంట్లో ఆ మూడో మనిషి ఎనిమిదేళ్ళ పిల్లవాడో, పదేళ్ళ ఆడపిల్లో అవుతారు. మగపిల్లవాడు మంద వెనక నడుస్తాడు. ఆడపిల్ల చిన్నవాళ్ళను ఎత్తుకొని, నీళ్ళు మోసి, పొయ్యి చూసుకుంటుంది. "వాడు బడికి పోతే జీవాలను ఎవరు కాస్తారమ్మా?" అనే ప్రశ్న ఆరోగ్య కార్యకర్తలందరూ విన్నదే. ఆ ప్రశ్న వెనక ఉన్న కష్టం నిజమైనది. దాన్ని కొట్టిపారేసి, తల్లిదండ్రులను తప్పుపట్టి ప్రయోజనం లేదు.

బడిలో అన్నం పెట్టడం ఎలా మొదలైంది

1920లో మద్రాసు నగర కార్పొరేషన్ తన బడిలో పిల్లలకు పూట ఆహారం ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షులు పి. త్యాగరాయ చెట్టి. ఆనాడు మన గుంటూరు సీమ కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. తర్వాత 1956లో మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్ పేద పిల్లలకు మధ్యాహ్న భోజనం ప్రవేశపెట్టారు. దారిలో పశువులు కాస్తున్న ఒక పిల్లవాణ్ణి బడికి ఎందుకు వెళ్ళడం లేదని ఆయన అడిగితే, "వెళితే అన్నం ఎవరు పెడతారు?" అని ఆ పిల్లవాడు తిరిగి అడిగాడని తమిళనాడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. బడి అన్నం కథలో కాపరి బిడ్డ మొదటినుంచీ ఉన్నాడన్నమాట. 1982లో ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ ఆ పథకాన్ని చాలా పెద్దది చేశారు.

దేశమంతటికీ వర్తించే పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. అప్పట్లో చాలా రాష్ట్రాల్లో వండిన అన్నం పెట్టలేదు. నెలకు 80 శాతం హాజరు ఉన్న బిడ్డకు 3 కిలోల ధాన్యం ఇచ్చేవారు. మందతో వెళ్ళే పిల్లలకు ఆ హాజరు సాధ్యమయ్యేది కాదు. తెచ్చిన బియ్యం ఇంటిల్లిపాదీ పంచుకోవడం వల్ల బడికి వెళ్ళే బిడ్డ కడుపుకు అందేది కూడా కొంచెమే.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో పరిస్థితి మారింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బళ్ళలో ప్రతి బిడ్డకూ ఏడాదికి కనీసం 200 రోజులు వండిన భోజనం పెట్టాలని, అందులో కనీసం 300 కేలరీల శక్తి, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని కోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో వండిన భోజనం మొదలైంది. వంట బాధ్యత ఎక్కువగా ఊళ్ళోని మహిళా సంఘాలు తీసుకున్నాయి. 2004 ఏప్రిల్ 20న కోర్టు మరో ఆదేశం ఇచ్చింది. వంటవారి నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమివ్వాలని, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా భోజనం పెట్టాలని అందులో ఉంది. ఈ చివరి మాటను మెట్ట మండలాల పెద్దలు గుర్తుపెట్టుకోవాలి.

2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టంతో బడి భోజనం పిల్లల చట్టబద్ధమైన హక్కు అయింది. కేంద్ర పథకం పేరు 2021 నుంచి పి.ఎం. పోషణ్. మన రాష్ట్రంలో 2020లో జగనన్న గోరుముద్ద పేరుతో వంటకాలు పెంచారు, గుడ్లు, చిక్కీలు చేర్చారు. 2023 మార్చి నుంచి రాగి జావ కూడా ఇవ్వడం మొదలైంది. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవారికి వేళకాని వేళలో కూడా అన్నం పెట్టి పేరు తెచ్చుకున్న కోనసీమ తల్లి ఆమె.

ఆ పళ్ళెంలో ఏముంటుంది?

కేంద్ర నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె వాడాలి. దీనివల్ల 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. 6 నుంచి 8 తరగతుల వారికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. దాని లెక్క 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. ఒక కోడిగుడ్డు తోడైతే మరో 6 గ్రాముల మంచి మాంసకృత్తులు చేరతాయి.

ఎనిమిదేళ్ళ బిడ్డకు రోజంతటికీ సుమారు 1,700 కేలరీలు కావాలి. అంటే బడి భోజనం అందులో నాలుగో వంతుకు పైగా తీరుస్తుంది. మిగతాది ఇంట్లోనే తినాలి. "బడిలో పెడుతున్నారు కదా" అని పొద్దున ఏమీ పెట్టకుండా పంపడం మంచిది కాదు. చద్దన్నం మజ్జిగైనా, ఒక రొట్టె ముక్కైనా తిని వెళ్ళిన బిడ్డ పాఠం వింటాడు. ఖాళీ కడుపుతో కూర్చున్న బిడ్డ గంట ఎప్పుడు కొడతారా అని ఎదురు చూస్తాడు.

మంద వెంట వెళ్ళిన పిల్లవాడు సాధారణంగా పొద్దున కట్టుకెళ్ళిన అన్నం, పచ్చడి లేదా కారం మధ్యాహ్నం తిని, మళ్ళీ రాత్రికే తింటాడు. పప్పు, ఆకుకూర, గుడ్డు అరుదు. ఇంట్లో వంద గొర్రెలు ఉన్నా మాంసం పండగకే. జీవం అమ్మడానికి ఉంటుంది, కోయడానికి కాదు. పైగా ఆ పిల్లవాడు రోజంతా ఎండలో మైళ్ళు నడుస్తాడు. ఖర్చయ్యే శక్తి ఎక్కువ, లోపలికి వెళ్ళేది తక్కువ. అలాంటి పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు, బరువు లేకపోవడం, రక్తం తక్కువై పాలిపోయి ఉండటం, తరచు జ్వరాలు, విరేచనాలతో బాధపడటం వింత కాదు.

ఈ భోజనంవల్ల నిజంగా మేలు జరిగిందా?

జరిగిందని చెప్పడానికి మన రాష్ట్రంలోనే మంచి ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను "యంగ్ లైవ్స్" అనే అధ్యయనం ఏళ్ళ తరబడి గమనించింది. అవి తీవ్రమైన కరువు సంవత్సరాలు. పసితనంలో కరువు దెబ్బ తిన్న పిల్లలు ఎత్తు, బరువుల్లో వెనకబడ్డారు. వారిలో బడి భోజనం అందిన పిల్లలు ఆ వెనకబాటును చాలావరకు పూడ్చుకోగలిగారని ఆ సమాచారాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు 2014లో ప్రచురించారు. మెట్ట ప్రాంతపు తల్లులకు ఇది ముఖ్యమైన మాట. వానలు లేక పాలు, పంట, జీవాలు దెబ్బతిన్న ఏడాది బిడ్డ ఎదుగుదలను కాపాడే గోడ బడిలోనే ఉంది. సరిగ్గా అదే ఏడాది మేత కోసం మంద దూరం వెళ్తుంది. ఆ గోడ అవసరం ఎక్కువైన రోజునే కాపరి బిడ్డ దానికి దూరమవుతున్నాడు.

రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, కర్ణాటక పల్లెల్లో వండిన భోజనం మొదలైనప్పుడు ఆర్థికవేత్త జాన్ డ్రెజ్, ఆయన సహచరురాలు సర్వే చేశారు. ఒక్క ఏడాదిలో ఒకటో తరగతిలో చేరిన పిల్లల సంఖ్య 15 శాతం పెరిగిందని, ఆడపిల్లల చేరిక ఇంకా ఎక్కువ పెరిగిందని వారు గమనించారు. వేర్వేరు కులాల పిల్లలు ఒకే బంతిలో కూర్చొని తినడం కూడా పెద్ద చదువే.

2021లో వెలువడిన మరో పరిశోధన ఇంకో తరాన్ని చూసింది. చిన్నప్పుడు బడి భోజనం బాగా అందిన ప్రాంతాల్లో పెరిగిన ఆడపిల్లలు తల్లులయ్యాక, వారి బిడ్డల్లో వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం తక్కువగా కనిపించింది. తల్లి కొంచెం ఎక్కువ చదువుకోవడం, కొంచెం ఆలస్యంగా తల్లి కావడం, కాన్పు ముందు పరీక్షలు చేయించుకోవడం ఇందుకు తోడ్పడ్డాయి. అంటే ఈరోజు పదేళ్ళ ఆడపిల్ల తినే బడి అన్నం రేపు ఆమెకు పుట్టబోయే బిడ్డకు కూడా చేరుతుంది.

మరి కాపరి బిడ్డకు ఎందుకు అందడం లేదు?

బడి భోజనం ఒక చోట ఉంటుంది. మంద ఒక చోట ఉండదు. అసలు చిక్కు ఇదే. రిజిస్టరులో పేరుండి, ఆ రోజు బడిలో ఉన్న బిడ్డకే అన్నం. బియ్యమో సరుకులో లేక, వంటమనిషి రాక బడిలో భోజనం పెట్టకపోతే పిల్లలకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని 2015 నిబంధనలు చెబుతున్నాయి. బిడ్డే బడికి రాకపోతే ఆ భత్యం వర్తించదు. మూడు నెలలు మందతో తిరిగిన బిడ్డకు ఆ మూడు నెలల అన్నం లెక్కలోకే రాదు.

రెండో చిక్కు తిరిగి రావడంలో ఉంది. మంద ఊరికి చేరేసరికి తరగతి చాలా ముందుకు పోయి ఉంటుంది. పుస్తకం చదవలేక, తోటివారి నవ్వులు భరించలేక పిల్లవాడు నాలుగు రోజులు వచ్చి మానేస్తాడు. అన్నం పిల్లవాణ్ణి బడి గుమ్మం దాకా తెస్తుంది. పాఠం అర్థం కాకపోతే అన్నం ఒక్కటే అతన్ని లోపల నిలబెట్టలేదు.

మూడోది లెక్క. బిడ్డ బడికి వెళితే ఇంట్లో ఒక పూట అన్నం మిగులుతుంది. కాని వాడి బదులు పెద్ద మనిషిని కాపుకు పెట్టుకుంటే అంతకంటే చాలా ఎక్కువ ఖర్చవుతుంది. ఈ తేడా తెలిసే కొందరు తమ బిడ్డను ఇంకొకరి మందకు జీతానికి కూడా పెడతారు. ఇది చట్టరీత్యా నేరం. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనికీ పెట్టుకోకూడదు. సొంత కుటుంబానికి సాయం చేయడమైనా బడి వేళలు అయ్యాకే, సెలవుల్లోనే, అదీ చదువుకు అడ్డు రాకుండా ఉండాలి.

చట్టం మీకు ఇచ్చిన హక్కులు

చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతులు ఇవి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం:

1. 6 నుంచి 14 ఏళ్ళ బిడ్డ ఒక బడి నుంచి వేరే ఊరి ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారవచ్చు. అడిగిన వెంటనే ప్రధానోపాధ్యాయులు బదిలీ పత్రం ఇవ్వాలి. మన ప్రాథమిక బళ్ళలో దీన్నే రికార్డు షీటు అంటాము.

2. ఆ పత్రం రావడం ఆలస్యమైందని కొత్త బడి వారు బిడ్డను చేర్చుకోకుండా ఆపకూడదు.

3. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. పుట్టిన తేదీ పత్రం లేదని తిప్పి పంపకూడదు.

4. చదువు మధ్యలో ఆగిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదేళ్ళ పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టనక్కరలేదు.

5. ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ బిడ్డనూ బడి నుంచి వెళ్ళగొట్టకూడదు.

ఆధార్ చూపలేకపోయినంత మాత్రాన పిల్లలకు రావలసిన ప్రయోజనాలను ఆపకూడదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి మంద ఏ ఊళ్ళో ఆగినా, ఆ ఊరి బడిలో మీ బిడ్డ పేరు రాయించవచ్చు. పేరు చేరితే అన్నం కూడా చేరుతుంది. రెండు నెలల కోసం ఎందుకులే అనుకోకండి. రెండు నెలలంటే దాదాపు యాభై పూటల భోజనం, యాభై రోజుల పాఠం.

ఇతర చోట్ల ఎలా చేశారు?

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. జమ్మూ కాశ్మీర్‌లో గుజ్జర్, బక్కర్వాల్ కాపరులు వేసవిలో మందలతో కొండల పైకి వెళతారు. వారితోపాటు వెళ్ళి అక్కడే చదువు చెప్పే సంచార, కాలానుగుణ బళ్ళు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. వలస వెళ్ళే బిడ్డ చదువు వివరాలు రాసిన కార్డు చేతికిచ్చి, వెళ్ళిన చోట చేర్చుకునే పద్ధతిని గుజరాత్, మహారాష్ట్రలలో ప్రవేశపెట్టారు. మంగోలియాలో పశుపాలకుల పిల్లల కోసం బడి పక్కనే వసతి గృహాలు ఉంటాయి. ఉగాండాలోని కరమోజా ప్రాంతంలో 1998 నుంచి కాపరి పిల్లల కోసం పొద్దునే, సాయంత్రం మంద పనికి అడ్డు రాని వేళల్లో నడిచే చదువు కేంద్రాలు మొదలయ్యాయి. కెన్యాలో ఎండు ప్రాంతాల పశుపాలకుల పిల్లలకు ప్రపంచ ఆహార కార్యక్రమం 1980 నుంచి బడి భోజనం అందించింది. 2018 నాటికి ఆ బాధ్యతను పూర్తిగా ఆ దేశ ప్రభుత్వమే తీసుకుంది.

మన తెలుగు నేలపై కూడా దారులున్నాయి. వలస కాలంలో పిల్లలను ఊళ్ళోనే ఉంచి అన్నం, చదువు అందించే సీజనల్ హాస్టళ్ళు సర్వశిక్షా అభియాన్ కాలం నుంచీ ఉన్నాయి. పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చదివించి తరగతికి తగినట్టు తయారుచేసే బ్రిడ్జి కోర్సులను ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పెద్ద ఎత్తున నడిపింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఐదో తరగతి నుంచి బీసీ, గిరిజన గురుకులాలు, ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూరిబా విద్యాలయాలు ఉన్నాయి. అక్కడ మూడు పూటలా భోజనం ఉంటుంది. అయితే ఐదో తరగతికి చేరేదాకా బిడ్డ ఊరి బడిలో నిలబడాలి. ఎక్కువ మంది కాపరి పిల్లలు జారిపోయేది ఆ లోపే.

మంద కదిలే ముందు తల్లిదండ్రులు చేయవలసినవి

వీలైతే బిడ్డను ఊళ్ళోనే ఉంచండి. నాయనమ్మ, అమ్మమ్మ, మేనమామ ఇంట్లో ఉంచి వెళ్ళవచ్చు. మధ్యాహ్నం అన్నం బడిలో ఉంటుంది కాబట్టి ముసలివారికి భారం తగ్గుతుంది. మీరు వెళ్ళిన ఊళ్ళో కూడా రేషన్ తీసుకునే వీలుంది. కార్డు విషయం డీలరును లేదా సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

రెండు మూడు కుటుంబాలు మందలను కలుపుకొని వంతులవారీగా పెద్దవాళ్ళే కాస్తే పిల్లల అవసరం తగ్గుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు, కాపరులకు అలవాటైన పద్ధతే. పిల్లల చదువు కోసం మళ్ళీ ఆలోచించండి.

ఎక్కువ కుటుంబాలు వెళుతుంటే, కదలడానికి నెల రెండు నెలల ముందే పిల్లల పేర్లు, వయసు, తరగతి ఒక కాగితం మీద రాసి, బడి యాజమాన్య కమిటీ ద్వారా మండల విద్యాశాఖాధికారికి ఇవ్వండి. సీజనల్ హాస్టల్ కోసం అడగండి. పిల్లలు వెళ్ళిపోయాక అడిగితే ఉపయోగం ఉండదు.

బిడ్డను వెంట తీసుకువెళ్ళక తప్పకపోతే, ముందుగా రికార్డు షీటు తీసుకోండి. పుస్తకాలు, టీకాల కార్డు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి తడవకుండా ఉంచండి. మంద ఆగిన ఊళ్ళో మొదటి వారంలోనే బడికి వెళ్ళి పేరు రాయించండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ బడి నుంచి కూడా పత్రం తెచ్చుకోండి.

తిన్న అన్నం ఒంటబట్టాలంటే

కడుపులో పురుగులుంటే బిడ్డ తిన్నది బిడ్డకు అందదు. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుగుతుంది. బడిలో, అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు. ఆ రోజు మందతో ఉండి మాత్ర తప్పిపోయిన పిల్లలు ఊరికి రాగానే ఆశా కార్యకర్తను అడగాలి.

రక్తహీనత రాకుండా వారానికొకసారి ఐరన్ మాత్రలు ఇస్తారు. 5 నుంచి 10 ఏళ్ళ వారికి గులాబీ రంగువి, ఆపై వయసు వారికి నీలం రంగువి. భోజనం తర్వాత వేసుకోవాలి. వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మరసం, జామకాయ, ఉసిరికాయ తోడైతే బాగా పడుతుంది.

జీవాలను ముట్టుకున్న చేతులతో అన్నం తినకూడదు. సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. మేకపాలు, ఆవుపాలు కాచే తాగించండి. పచ్చిపాలతో మనుషులకు సోకే జ్వరాలున్నాయి. కోసిన జీవం పేగులు, కాలేయపు ముక్కలు కుక్కలకు పచ్చివి వేయకండి. వాటి ద్వారా కుక్కలకు, కుక్కల నుంచి పిల్లలకు నీటితిత్తుల జబ్బు రావచ్చు.

వినుకొండ, బొల్లాపల్లి వైపు కొన్ని బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ళు గారపట్టడం, కీళ్ళ నొప్పులు దాని గుర్తులు. బడిలోనూ, మంద దగ్గరా తాగడానికి, వంటకు సురక్షితమైన నీరే వాడాలి. పాలు, రాగులు, ఆకుకూరలు తింటే ఫ్లోరైడ్ చేసే హాని కొంత తగ్గుతుంది.

ఉపాధ్యాయులకు, వంట చేసే తల్లులకు, ఊరి పెద్దలకు

నెలల తర్వాత తిరిగి వచ్చిన పిల్లవాణ్ణి "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావురా" అని అందరి ముందూ నిలదీయకండి. మొదటి రోజే పేరు రాసుకొని, మొదటి రోజే పళ్ళెం ఇవ్వండి. కొత్తగా మంద ఆగిన చోటు ఊరి పక్కన కనిపిస్తే, అక్కడ బడి ఈడు పిల్లలున్నారేమో ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త, ఉపాధ్యాయులు ఒకసారి వెళ్ళి చూడాలి.

2013 జూలైలో బీహార్‌లోని ఒక పల్లె బడిలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. పత్తి, మిరప పండించే మన ఊళ్ళలో పురుగుమందు డబ్బాలు ప్రతి ఇంటా ఉంటాయి. ఆ డబ్బాలను, వాటితో వచ్చిన పాత్రలను వంటగది దరిదాపుల్లోకి రానివ్వకూడదు. పిల్లలకు వడ్డించే ముందు పెద్దవారు రుచి చూడాలన్న నియమాన్ని ఏ రోజూ మానకూడదు. కరువు మండలంగా ప్రకటించిన ఏడాది వేసవి భోజనం గురించి బడి యాజమాన్య కమిటీ తీర్మానం చేసి అడగాలి.

2020లో కరోనా వల్ల బళ్ళు మూతపడినప్పుడు బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్ళకే పంపిణీ చేశారు. బిడ్డ బడిలో లేకపోయినా అన్నం బిడ్డ దగ్గరికి వెళ్ళగలదని అప్పుడు అందరమూ చూశాము. కాపరి కుటుంబాలు ఏ నెలలో ఎటు వెళతాయో ఊళ్ళో అందరికీ తెలుసు. ఈసారి మంద కదలకముందే మీ ఊరి బడికి వెళ్ళి, వెళ్ళబోయే పిల్లల పేర్లు రాసి ఇవ్వండి. పేర్లు రాయడంలోగాని, ఏ అధికారిని అడగాలో తెలుసుకోవడంలోగాని సాయం కావలసివస్తే మీ ఊరికి వచ్చే మా ఆరోగ్య కార్యకర్తలను అడగండి. మా వారు మీతోపాటు బడికి వస్తారు.